షార్ రాకెట్టు చెప్పిన ప్రమేయాల పాఠం

సూళ్లూరుపేట : అది 2023 అక్టోబరు 21, శనివారం. గగన్‌యాన్ పరీక్షా రాకెట్టు టీవీ-డీ1 శ్రీహరికోట నుంచి ఉదయం 8 గంటలకు ఎగరవలసి ఉంది. వాతావరణం అనుకూలించక ముహూర్తం 8.30కి మారింది. ఆ తర్వాత 8.45 అన్నారు. తీరా ఆ వేళ వచ్చి, ఇక 5 సెకన్లే మిగిలాయనగా కంప్యూటరు ప్రయోగాన్ని నిలిపివేసింది. లోపం కనిపెట్టి సరిచేసిన మీదట 10 గంటలకు రాకెట్టు నింగికి లేచింది. ముందు ముందు వ్యోమగాములు కూర్చోవలసిన గదిని ఆ రోజు ఖాళీగా పంపారు. అది సుమారు 17 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, పారాచూట్ల సాయంతో బంగాళాఖాతంలో దిగింది. నావికాదళం వారు దానిని వెలికితీసి ఒడ్డుకు చేర్చారు.

రెండు గంటల ఆలస్యం, ఎక్కి దిగిన ప్రయాణం. ఈ రెండింటిలోనూ ఇంటర్ పిల్లలను బెదరగొట్టే పాఠం ఒకటి పూర్తిగా ఇమిడి ఉంది. ఆ పాఠం పేరు ప్రమేయాలు.

సూళ్లూరుపేటకు శ్రీహరికోట సుమారు 18 కిలోమీటర్లు. పులికాట్ సరస్సు నడుమ వేసిన రోడ్డు మీదుగా పోవాలి. 1971 అక్టోబరులో చిన్న రోహిణి రాకెట్లతో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. 2002లో ఆ కేంద్రానికి సతీష్ ధవన్ పేరు పెట్టారు. జనం నోట మాత్రం అది నేటికీ షారే. 2025 జనవరి 29న అక్కడ నూరవ ప్రయోగం జరిగింది. రాకెట్టు ఎగిరే రోజున మేడలెక్కి తూర్పు దిక్కుకు చూడటం ఈ ఊరివారికి తాతల నాటి నుంచి వస్తున్న అలవాటు.

అయితే రాకెట్టును కళ్లారా చూసే పిల్లలే, దానిని నడిపే లెక్క పుస్తకంలో కనిపించేసరికి జంకుతున్నారు. పదో తరగతి దాటి ఎంపీసీలో చేరిన పల్లె పిల్లలు చాలామంది తొలి వారాల్లో తడబడే చోటు ఇదే. ఇక్కడ కాలు జారితే తరువాత వచ్చే త్రికోణమితి, అవకలనం, సమాకలనం ఏదీ నిలవదు. కొందరు పిల్లలు గ్రూపు మార్చుకునే ఆలోచనలో పడతారు. ఇంట్లో పెద్దలు చదువుకోలేదు కాబట్టి సాయం చేయలేమని ఊరుకుంటారు. నిజానికి ఈ పాఠం కళ్లంలో, సంతలో, బస్సులో వారు రోజూ చేసే లెక్కే. పేరు మాత్రమే కొత్త.

పుట్టి లెక్కే ప్రమేయం

ప్రమేయం అన్న మాట తెలుగువారికి కొత్తది కాదు. "ఈ తగాదాలో నా ప్రమేయం లేదు" అంటుంటాం. అందులో తన చేయి లేదని దాని భావం. గణితంలోనూ ఆ భావం ఉంది. ఒక రాశి చేయి ఇంకొక రాశి మీద ఉంటే, మొదటిది తెలియగానే రెండవది తేలిపోతే, అది ప్రమేయం.

నెల్లూరు సీమలో వడ్ల పుట్టి అంటే 850 కిలోలు. 1 పుట్టి అంటే 850 కిలోలు, 2 పుట్లు అంటే 1,700, 3 పుట్లు అంటే 2,550. పుట్లు ఎన్నో చెబితే కిలోలు ఎన్నో తేలిపోతుంది. జవాబు ఒక్కటే ఉంటుంది. 3 పుట్లకు ఒకరు 2,550 అనీ, మరొకరు 2,700 అనీ అంటే కళ్లంలోనే తగాదా వస్తుంది. 2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేట నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారింది. జిల్లా మారినంత మాత్రాన పుట్టికి కిలోలు మారలేదు. నియమం అంటే అదే.

ప్రమేయానికి షరతులు రెండే. లోపల వేయదగిన ప్రతిదానికీ జవాబు ఉండాలి. ఆ జవాబు ఒక్కటే ఉండాలి. బిడ్డ పేరు చెప్పి కన్నతల్లి ఎవరని అడిగితే జవాబు ఒక్కటే. కనుక బిడ్డ నుంచి తల్లికి పోయే దారి ప్రమేయం. తల్లి పేరు చెప్పి బిడ్డ ఎవరని అడిగితే ఒకామెకు ముగ్గురుండవచ్చు, ఇంకొకామెకు ఒక్కరూ లేకపోవచ్చు. కనుక ఆ దారి ప్రమేయం కాదు. ముగ్గురు బిడ్డలకు ఒకే తల్లి ఉండటం తప్పు కాదన్నది ఇక్కడ గమనించాలి. వేర్వేరు వస్తువులకు ఒకే జవాబు రావచ్చు. ఒకే వస్తువుకు రెండు జవాబులు రాకూడదు.

లోపల వేయదగినవాటి జాబితాను పుస్తకంలో ప్రదేశం అంటారు. బయటకు వచ్చిన జవాబుల జాబితాను వ్యాప్తి అంటారు. మైనస్ 2 పుట్ల వడ్లు ఎవరికీ పండవు. కనుక పుట్ల లెక్కకు ప్రదేశం సున్నా నుంచి మొదలవుతుంది.

ఇక ఎఫ్ ఆఫ్ ఎక్స్ సంగతి. ఎఫ్ పక్కన బ్రాకెట్టులో ఎక్స్ కనబడగానే ఎఫ్‌ను ఎక్స్‌తో గుణించాలని చాలామంది పిల్లలు పొరబడతారు. అక్కడ గుణకారం లేదు. ఎఫ్ అనేది నియమానికి పెట్టిన పేరు. బ్రాకెట్టులో ఉన్నది లోపల వేసిన సరుకు. పుట్ల నియమానికి ఎఫ్ అని పేరు పెడితే ఎఫ్ ఆఫ్ 3 విలువ 2,550. ఈ రాత పద్ధతిని 1734లో ఆయిలర్ అనే స్విట్జర్లాండు గణితవేత్త వాడుకలోకి తెచ్చారు. ప్రతిదానికీ ఒకే జవాబు ఉండాలన్న షరతును 1837లో జర్మనీకి చెందిన డిరిక్లే స్పష్టం చేశారు. అంటే మహామహులకు కూడా ఈ భావం తేటపడటానికి నూరేళ్లు పట్టింది. ఇంటర్ కుర్రవాడు వారం రోజులు తికమకపడితే సిగ్గుపడవలసిన పని లేదు.

వచ్చిన దారినే తిరిగి పోవడం

ఇప్పుడు లెక్కను తిరగవేద్దాం. కాటా మీద 2,550 కిలోలు తూగింది. ఎన్ని పుట్లు? 850తో భాగిస్తే 3. పోయేటప్పుడు గుణించాం, వచ్చేటప్పుడు భాగించాం. ఈ తిరుగుదారికే విలోమ ప్రమేయం అని పేరు.

లెక్కలో ఒకే మెట్టు ఉంటే చిక్కు లేదు. రెండు మెట్లు ఉన్నప్పుడు పిల్లలు పొరబడతారు. 3 పుట్ల వడ్లు అమ్మాలి. కిలో 20 రూపాయలనుకుందాం. మొదట పుట్లను కిలోలు చేయాలి, 2,550. తరువాత కిలోలను రూపాయలు చేయాలి, 51,000. ఒక నియమం జవాబును ఇంకొక నియమంలో వేశాం. దీనిని సంయుక్త ప్రమేయం అంటారు. ఇప్పుడు 51,000 చేతిలో పెట్టి ఎన్ని పుట్లు అమ్మావని అడిగితే మొదట 20తో భాగించి కిలోలు రాబట్టాలి, ఆ తరువాత 850తో భాగించి పుట్లు రాబట్టాలి. చివర చేసిన పనిని ముందు విప్పాలి.

ఇంటికి తాళం వేసే పద్ధతి ఇదే. పోయేటప్పుడు ముందు తలుపుకు, తరువాత వాకిటి గేటుకు తాళం వేస్తాం. తిరిగి వచ్చాక ముందు గేటు తీయాలి, ఆ తరువాతే తలుపు. గేటు తీయకుండా తలుపు తాళం తీయబోయేవాడు ఉండడు. పరీక్షలో మాత్రం అలా చేసేవారు ఎందరో.

జ్వరం లెక్క చూడండి. సెంటీగ్రేడును ఫారన్‌హీటుకు మార్చాలంటే 9తో గుణించి, 5తో భాగించి, 32 కలపాలి. 40 డిగ్రీల సెంటీగ్రేడు 360 అయి, 72 అయి, చివరకు 104 అవుతుంది. వెనక్కి రావాలంటే ముందు 32 తీసివేయాలి, 72. తరువాత 5తో గుణించి 9తో భాగించాలి, 40. వరుస తప్పి ముందే 5తో గుణించి 9తో భాగించి, ఆ తరువాత 32 తీసివేస్తే దాదాపు 26 వస్తుంది. ఒళ్లు కాలిపోతున్న బిడ్డకు జ్వరమే లేదని తేలుతుంది. గుణకారాలు, భాగహారాలు అన్నీ ఒప్పే. వరుస ఒక్కటే తప్పు.

ఈ తిరుగు లెక్క మన దేశానికి పాతది. గుణకారం భాగహారంగా, కూడిక తీసివేతగా మారాలన్న విలోమ సూత్రాన్ని 499 నాటి ఆర్యభటీయంలోనే ఆర్యభటుడు చెప్పాడు. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు దానిని పొడుపు లెక్కలతో నేర్పాడు. అటువంటి లెక్క ఒకటి రచ్చబండ దగ్గర అడగవచ్చు. ఒక సంఖ్యను 3తో గుణించి, 4 కలిపి, సగం చేస్తే 11 వచ్చింది. ఆ సంఖ్య ఏది? చివరి నుంచి రండి. 11ని రెట్టింపు చేస్తే 22. 4 తీసివేస్తే 18. 3తో భాగిస్తే 6. అదే జవాబు.

విలోమాన్ని రాసేటప్పుడు ఎఫ్ నెత్తిన చిన్నగా మైనస్ 1 వేస్తారు. దానిని చూసి ఒకటి బై ఎఫ్ అనుకోవడం మరో పొరపాటు. ఎఫ్ ఆఫ్ 3 విలువ 2,550 అయితే, ఒకటి బై ఎఫ్ అంటే 2,550వ వంతు. కాటా దగ్గర దానికి అర్థం లేదు. ఎఫ్ విలోమంలో 2,550 వేస్తే 3 రావాలి. ఎక్కడ బయలుదేరామో అక్కడికి తిరిగి చేరితేనే అది విలోమం.

తిరుగుదారి మూసుకునేది ఎప్పుడు?

ప్రతి ప్రమేయానికీ విలోమం ఉండదు. ఈ సంగతి టీవీ-డీ1 ప్రయాణమే చెబుతుంది. వేళ చెబితే రాకెట్టు మోసుకుపోయిన గది ఎంత ఎత్తులో ఉందో చెప్పవచ్చు. ఒక క్షణంలో అది రెండు ఎత్తుల్లో ఉండదు కాబట్టి ఇది ప్రమేయమే. ఎత్తు చెప్పి వేళ అడిగితే? 10 కిలోమీటర్ల ఎత్తులో ఎప్పుడుంది అంటే, ఎక్కేటప్పుడు ఒకసారి ఉంది, దిగేటప్పుడు మరోసారి ఉంది. జవాబులు రెండు వచ్చాయి. తిరుగుదారి చెడింది.

దీనిని బంతితో ఎవరైనా చూసుకోవచ్చు. సెకనుకు 20 మీటర్ల వేగంతో బంతిని నిటారుగా పైకి విసిరామనుకుందాం. గురుత్వ త్వరణాన్ని లెక్క సులువు కోసం 10గా తీసుకుంటే, ఎత్తు కట్టే నియమం ఇది : సెకన్లను 20తో గుణించి, అందులోంచి సెకన్ల వర్గానికి 5 రెట్లు తీసివేయాలి. 1 సెకనుకు 15 మీటర్లు. 2 సెకన్లకు 20. 3 సెకన్లకు మళ్లీ 15. 4 సెకన్లకు సున్నా, అంటే బంతి నేల మీదికి వచ్చింది. గ్రాఫు గీస్తే గుండ్రటి కొండలా ఉంటుంది.

15 మీటర్ల ఎత్తులో ఎప్పుడుందంటే 1 అనీ చెప్పాలి, 3 అనీ చెప్పాలి. వేర్వేరు సరుకులకు వేర్వేరు జవాబులు వచ్చే ప్రమేయాన్ని పుస్తకంలో అన్వేకం అంటారు. బంతి లెక్క అన్వేకం కాదు. ఇక 30 మీటర్ల ఎత్తులో ఎప్పుడుంది అని అడిగితే జవాబే లేదు. బంతి 20 మీటర్లు దాటనే లేదు. జవాబుల కోసం అనుకున్న జాబితాలో ఏ ఒక్కటీ మిగిలిపోకుండా అన్నీ అందితే ఆ ప్రమేయాన్ని సంగ్రస్తం అంటారు. అన్వేకమూ, సంగ్రస్తమూ రెండూ అయితేనే ద్విగుణ ప్రమేయం. దానికే విలోమం ఉంటుంది. అన్వేకం లేకపోతే తిరుగుదారి రెండుగా చీలుతుంది. సంగ్రస్తం లేకపోతే కొన్ని చోట్ల తిరుగుదారే ఉండదు. ఈ మూడు పేర్లనూ బట్టీ పెట్టేవారు ఈ బంతిని గుర్తు పెట్టుకుంటే చాలు.

పల్లె బస్సులోనూ ఇదే చిక్కు ఉంది. ఊరి పేరు చెబితే కండక్టరు చార్జీ చెబుతాడు. ఒకే స్టేజీలో రెండు మూడు ఊళ్లకు చార్జీ ఒకటే. చార్జీ చెప్పి నేను దిగే ఊరేదో చెప్పు అంటే కండక్టరు చెప్పలేడు.

అయితే దీనికి మందు ఉంది. "ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. ఎక్కే భాగం వరకే, అంటే సున్నా నుంచి 2 సెకన్ల వరకే చూస్తే 15 మీటర్లకు జవాబు 1 ఒక్కటే. ఎత్తుల జాబితాను కూడా సున్నా నుంచి 20 మీటర్ల వరకే ఉంచుకుంటే విలోమం వచ్చేస్తుంది. ప్రదేశాన్ని కుదించడం అంటే ఇదే. వర్గమూలం విషయంలో పెద్దలు చేసిన ఏర్పాటు కూడా ఇటువంటిదే. 5 వర్గం 25, మైనస్ 5 వర్గమూ 25. వెనక్కి రాబోతే రెండు దారులు. అందుకే వర్గమూలం గుర్తు వేస్తే మైనస్ కాని విలువనే తీసుకోవాలని కట్టుబాటు చేశారు.

మైనస్ వేస్తే కుడికి ఎందుకు?

ఇక రెండు గంటల ఆలస్యం చెప్పే పాఠానికి వద్దాం. గ్రాఫుల పరివర్తనలో పిల్లలను అన్నింటికన్నా ఎక్కువ తికమకపెట్టే ప్రశ్న ఒకటుంది. ఎక్స్ ఉన్న చోట ఎక్స్ మైనస్ 2 రాస్తే గ్రాఫు కుడి వైపుకు జరుగుతుంది. మైనస్ అంటే ఎడమకు పోవాలి కదా, కుడికి ఎందుకు పోయింది?

టీవీ-డీ1 8 గంటలకు ఎగురుతుందని ఏ వేళకు ఎంత ఎత్తులో ఉంటుందో ఒక పట్టిక రాసి పెట్టుకున్నామనుకోండి. 8 గంటల 1 నిమిషానికి ఇంత, 2 నిమిషాలకు ఇంత అని అందులో ఉంది. రాకెట్టు 10కి లేచింది. ఇప్పుడు 10 గంటల 1 నిమిషానికి ఎత్తు ఎంత? పాత పట్టికను చించవలసిన పని లేదు. 10 గంటల 1 నిమిషంలోంచి 2 గంటలు తీసివేసి, పట్టికలో 8 గంటల 1 నిమిషం దగ్గర చూడాలి. పట్టికలో చూడటానికి 2 తీసివేశాం. గడియారంలో మాత్రం పని 2 గంటలు వెనుకబడి జరిగింది. గ్రాఫు మీద కాలం ఎడమ నుంచి కుడికి నడుస్తుంది కనుక ఆలస్యమైనదంతా కుడికి జరుగుతుంది. మైనస్ కుడికి నెట్టడంలో రహస్యం ఇంతే.

బంతిని 2 సెకన్లు ఆలస్యంగా విసిరి చూడండి. సున్నా నుంచి 4 దాకా ఉన్న కొండ ఇప్పుడు 2 నుంచి 6 దాకా ఉంటుంది. శిఖరం 2 దగ్గర నుంచి 4 దగ్గరకు జరిగింది. కొండ ఆకారం మారలేదు, ఎత్తు మారలేదు. ప్లస్ 2 రాస్తే 2 సెకన్లు ముందుగా విసిరినట్టు. గ్రాఫు ఎడమకు పోతుంది.

బ్రాకెట్టు బయట చేసే మార్పు వేరు. బంతిని నేల మీద నుంచి కాక 10 మీటర్ల మేడ మీద నుంచి విసిరితే ప్రతి ఎత్తుకూ 10 కలుస్తుంది. గ్రాఫు అంతా 10 మీటర్లు పైకి లేస్తుంది. బయట ప్లస్ అంటే పైకి, మైనస్ అంటే కిందికి. బయట చేసింది ఎత్తును మారుస్తుంది, లోపల చేసింది వేళను మారుస్తుంది అని గుర్తుంచుకుంటే చాలు. లోపల మైనస్ వేయడమంటే గోడ గడియారాన్ని వెనక్కి తిప్పడం. ఇంట్లో గడియారాన్ని 2 గంటలు వెనక్కి తిప్పితే, దాన్ని చూసి చేసే పనులన్నీ 2 గంటలు ఆలస్యంగానే జరుగుతాయి.

గుణకారం సంగతీ ఇంతే. ఎత్తును కిలోమీటర్లకు బదులు మీటర్లలో రాస్తే ప్రతి విలువా 1,000 రెట్లవుతుంది. గ్రాఫు నిలువుగా సాగుతుంది. లోపల కాలాన్ని 2తో గుణిస్తే సినిమా రీలును రెట్టింపు వేగంతో తిప్పినట్టు. 3 గంటల సినిమా గంటన్నరలో అయిపోతుంది. గ్రాఫు అడ్డంగా సగానికి కుంచించుకుపోతుంది. ఇక్కడా లోపలి మార్పు తలకిందులుగానే పని చేసింది.

బయట మైనస్ గుర్తు పెడితే ఏమవుతుందో పులికాట్ సరస్సు చూపుతుంది. రాత్రి వేళ రాకెట్టు లేస్తే నిలకడగా ఉన్న నీటిలో దాని వెలుగు కిందికి పోతున్నట్టు కనిపిస్తుంది. నీటి మట్టం సున్నా అనుకుంటే, పైన ఎంత ఎత్తో కింద అంత లోతు. అదే ప్రతిబింబం.

విలోమం గ్రాఫు కూడా ప్రతిబింబమే. అయితే అద్దం వాలుగా ఉంటుంది. మూల బిందువు నుంచి 45 డిగ్రీల ఏటవాలుగా గీత గీసి, కాగితాన్ని ఆ గీత మీద మడిస్తే ప్రమేయం గ్రాఫు పోయి విలోమం గ్రాఫు మీద పడుతుంది. 3 దగ్గర 2,550 ఉన్న చుక్క, 2,550 దగ్గర 3 ఉన్న చుక్క అవుతుంది. అడ్డం నిలువయింది, నిలువు అడ్డమయింది.

కౌంట్‌డౌన్ కూడా పరివర్తనే

టీవీలో ప్రయోగం చూసేవారికి టీ మైనస్ అన్న మాట పరిచయమే. రాకెట్టు లేచే క్షణాన్ని సున్నాగా పెట్టుకుని, దానికి ముందున్నదాన్ని మైనస్‌గా, తరువాతిదాన్ని ప్లస్‌గా లెక్కించే పద్ధతి అది. గడియారం వేళలతో పని లేకుండా చేసుకున్న ఏర్పాటు. 2019లో చంద్రయాన్-2 జూలై 15 తెల్లవారుజామున 2.51కి ఎగరవలసింది. 56 నిమిషాల 24 సెకన్లు మిగిలి ఉండగా సాంకేతిక లోపం కనబడి ఆపివేశారు. జూలై 22 మధ్యాహ్నం 2.43కి ఎగిరింది. తేదీ మారింది, వేళ మారింది. సున్నా మాత్రం మళ్లీ రాకెట్టు లేచిన క్షణం దగ్గరకే వచ్చి కూర్చుంది. మూల బిందువును మనకు అనువైన చోటికి జరుపుకోవడమే ఇది. ఇంటర్‌లో అక్ష పరివర్తనం అన్న పేరుతో చెప్పేది కూడా ఇటువంటి పనే.

ఓటమి నుంచి కారణానికి

విలోమం విలువ ఏమిటో షార్ చరిత్రలో ఒక పాత సంఘటన చెబుతుంది. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 మొదటిసారి ఎగిరింది. 22 మీటర్ల పొడవు, 17 టన్నుల బరువు గల రాకెట్టు అది. కక్ష్య చేరకుండానే బంగాళాఖాతంలో పడిపోయింది. ఆ పథకానికి సారథి ఏపీజే అబ్దుల్ కలాం.

కారణం తెలిస్తే ఫలితం చెప్పడం ముందుకు పోయే లెక్క. ఆనాడు శాస్త్రవేత్తల ముందున్నది తిరుగు లెక్క. ఫలితం సముద్రంలో ఉంది, కారణం రాబట్టాలి. రాకెట్టు పడిపోవడానికి కారణాలు ఎన్నో ఉండవచ్చు. వేర్వేరు కారణాలకు ఒకే ఫలితం వస్తే తిరుగుదారి చీలుతుందని బంతి లెక్కలో చూశాం. అందుకే రాకెట్టు పడింది అన్న ఒక్క సంగతి వారికి చాలదు. అది పంపిన సంకేతాలను వరుసగా పరిశీలించారు. రెండవ దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక కవాటం సరిగా మూసుకోక ఆమ్లం కారిపోయిందని తేల్చారు. లోపం సరిదిద్దారు. 1980 జూలై 18న అదే రకం రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. సొంత రాకెట్టుతో ఉపగ్రహాన్ని పంపిన దేశాల సరసన భారతదేశం నిలిచింది.

పైరు పచ్చబడితే కారణం తెగులా, నీరు ఎక్కువైందా, ఎరువు తక్కువైందా అని రైతు వెతికేది కూడా ఈ తిరుగు లెక్కే. ఒక్క ఆకు చూసి మందు కొట్టేవాడు నష్టపోతాడు. వేరు చూసి, మట్టి చూసి, పక్క మడి చూసి తేల్చుకునేవాడు గట్టెక్కుతాడు. చీలిన తిరుగుదారిని ఒక్కటిగా చేసుకోవడానికి మరికొంత సమాచారం కావాలి. రైతుకైనా, శాస్త్రవేత్తకైనా నియమం ఒకటే.

పెద్దలు అడగదగిన మూడు ప్రశ్నలు

రాత్రి అన్నాలయ్యాక కూతురు పుస్తకం ముందేసుకుని, "నాయనా, ఈ ప్రమేయాలు నాకు ఎక్కడం లేదు" అంటే, "నాకేం తెలుసమ్మా" అని తప్పుకోవలసిన పని లేదు. చదువు రాని తండ్రి అయినా మూడు ప్రశ్నలు అడగవచ్చు.

మొదటిది : "ఏం వేస్తే ఏం వస్తుందమ్మా? వచ్చేది ఒక్కటేనా?" ఒక్కటే అని నమ్మకంగా చెప్పగలిగితే ప్రమేయం అర్థమైనట్టే.

రెండవది : "వచ్చినదాన్ని చూసి వేసినదాన్ని చెప్పగలవా?" చెప్పగలిగితే విలోమం ఉంది. చెప్పలేకపోతే ఎందుకు చెప్పలేదో, దారి చీలిందో లేక అసలు దారే లేదో చెప్పమనాలి.

మూడవది : "రెండు గంటలు ఆలస్యమైతే గీత ఎటు జరుగుతుంది?" కుడికి అని చెప్పి, ఎందుకో కూడా చెప్పగలిగితే పరివర్తన అర్థమైనట్టే.

ఉపాధ్యాయులు, అధ్యాపకులు కూడా పుస్తకంలోని నిర్వచనాన్ని బోర్డు మీద రాయడానికి ముందు పుట్టి లెక్క, బస్సు చార్జీ, విసిరిన బంతి చెబితే పిల్లలకు జంకు తగ్గుతుంది. ప్రయోగం ఉన్న రోజున ముందుగా ప్రకటించిన వేళనూ, నిజంగా లేచిన వేళనూ పిల్లల చేత రాయించి గ్రాఫు గీయించవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు.

ఈసారి షార్‌లో రాకెట్టు లేచేటప్పుడు మేడ మీద నిలబడినవారు వాచీ చూసుకుని, చెప్పిన వేళలోంచి ఎంత జరిగిందో పక్కనున్న పిల్లవాణ్ణి అడిగి చూడాలి. వాడు వేలితో గాలిలో కొండ గీసి దాన్ని కుడికి జరిపి చూపిస్తే, కళాశాలలో ఆ పాఠానికి వాడు భయపడడు.